సీ అర్చిన్ గుడ్డులో ప్రొటీన్ల తయారీ: తరచుగా అడిగే ప్రశ్నలు

జువాలజీ పిల్లలకు పిండాభివృద్ధి పాఠం చెప్పేటప్పుడు ఏటా వచ్చే ప్రశ్నలే ఇవి. క్లాసులో ఒక్కోదానికి రెండు నిమిషాలకు మించి టైమ్ దొరకదు, ఈలోగా బెల్లు కొట్టేస్తారు. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. ఎక్కువ భాగం సీ అర్చిన్ గురించే. మధ్యలో ఒక గుల్ల, చివర్లో ఆసిడియన్ అనే ఒక తిత్తి లాంటి జంతువు వస్తాయి.

సీ అర్చిన్ అంటే ఏమిటి? శాస్త్రవేత్తలు దాని వెంటే ఎందుకు పడ్డారు?

విశాఖ తీరంలో రాళ్ల సందుల్లో నల్లగా, గుండ్రంగా, ఒళ్లంతా ముళ్లతో అతుక్కుని ఉండే జీవి ఇదే. చూసుకోకుండా కాలు వేసినవాళ్లకు పరిచయం అక్కర్లేదు. నక్షత్ర చేపకు దగ్గరి చుట్టం.

దీని గొప్పంతా గుడ్లలో ఉంది. సీజన్లో ఉన్న ఆడ అర్చిన్‌కి కొద్దిగా పొటాషియం క్లోరైడ్ ద్రావణం ఇంజెక్ట్ చేస్తే, కాసేపట్లోనే లక్షల గుడ్లు బయటికి కారతాయి. మగదానికి అలాగే చేస్తే శుక్రకణాలు వస్తాయి. రెండూ సముద్రపు నీటిలో కలిపితే చాలు, తల్లి కడుపుతో పనిలేదు. గుడ్డు సుమారు మిల్లీమీటరులో పదో వంతే ఉంటుంది. చాలా జాతుల్లో అద్దంలా పారదర్శకంగా ఉంటుంది కాబట్టి లోపల జరిగేది మైక్రోస్కోప్‌లో కనిపిస్తుంది.

అసలు లాభం మరొకటి ఉంది. గుడ్లన్నీ ఒకేసారి ఫలదీకరణ చెందుతాయి, ఒకేసారి రెండుగా, ఒకేసారి నాలుగుగా చీలతాయి. అంటే బీకరులో ఉన్న పది లక్షల పిండాలు ఒకే పెద్ద పిండంలా నడుస్తాయి. ఒక్క పిండంలో ఉండే ప్రొటీన్ కొలతకు అందదు. పది లక్షలైతే హాయిగా అందుతుంది. ఎలుకతోనో, కోడితోనో ఈ సౌకర్యం లేదు.

ఫలదీకరణకు ముందు గుడ్డులో ప్రొటీన్లు తయారవవా?

అవుతాయి, కానీ నామమాత్రంగా. విచిత్రం ఏమిటంటే సరుకులన్నీ లోపలే ఉన్నాయి. ప్రొటీన్లను అల్లే రైబోజోమ్‌లున్నాయి, వాటికి ముడిసరుకైన అమైనో ఆమ్లాలున్నాయి, ఏ ప్రొటీన్ ఎలా చేయాలో జన్యువు నుంచి నకలు తీసిన చీటీల్లాంటివి, తల్లి అండాశయంలో ఉన్నప్పుడే రాసి దాచిపెట్టిన వేల రకాల ఎంఆర్‌ఎన్‌ఏలున్నాయి. పని మాత్రం జరగదు.

నేను క్లాసులో చెప్పే పోలిక ఇది. మన ఇళ్లలో రాత్రే పిండి రుబ్బి పెట్టుకుంటాం. పొద్దున చుట్టాలు దిగితే పప్పు నానబెట్టడం దగ్గర్నుంచి మొదలుపెట్టం కదా, పెనం పెట్టి అట్టు పోసేస్తాం. గుడ్డు కూడా రుబ్బి పెట్టుకున్న ఇల్లే. శుక్రకణం వచ్చాక జన్యువు నుంచి కొత్తగా ఆర్‌ఎన్‌ఏ రాసుకునేంత తీరిక దానికి లేదు. గంట, గంటన్నరలో మొదటి విభజన అయిపోవాలి.

పని జరగడం లేదని ఎలా తెలిసిందంటే, ప్రొటీన్ తయారవుతున్నప్పుడు ఒకే ఎంఆర్‌ఎన్‌ఏ దారం మీద పూసల్లా అనేక రైబోజోమ్‌లు ఎక్కుతాయి. ఆ దండకే పాలీసోమ్ అని పేరు. గుడ్లను నలిపి, చక్కెర ద్రావణంలో వేసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే దండలు బరువు కాబట్టి కిందికి దిగుతాయి, విడి రైబోజోమ్‌లు పైనే ఉండిపోతాయి. ఫలదీకరణ కాని గుడ్డులో నూటికి ఒక రైబోజోమ్ కూడా దండలో ఉండదు. ఫలదీకరణ అయిన రెండు గంటలకు దాదాపు ఇరవై శాతం దండల్లోకి చేరతాయి. 1970 ప్రాంతంలో టామ్ హంఫ్రీస్ ఈ కొలతలు తీశాడు.

తండ్రి డీఎన్‌ఏ వచ్చి చేరాకే కదా పని మొదలయ్యేది?

కాదు. ఈ ప్రశ్న అడగని బ్యాచ్ లేదు, ఎందుకంటే కొత్త డీఎన్‌ఏ వస్తే కొత్త ఆర్‌ఎన్‌ఏ, దాన్నుంచి కొత్త ప్రొటీన్ అన్న వరస మనకు బాగా అలవాటైపోయింది. దాన్ని కాదనడానికి రెండు ప్రయోగాలు చాలు.

మొదటిది 1936 నాటిది. అమెరికాలో ఎథెల్ బ్రౌన్ హార్వీ అనే ఆవిడ ఆర్బేసియా అనే అర్చిన్ గుడ్లను చక్కెర ద్రావణంలో వేసి గట్టిగా తిప్పింది. గుడ్డు సాగి సాగి రెండు ముక్కలవుతుంది. తేలికైన ముక్కలోకి కేంద్రకం పోతుంది, బరువైన ముక్కకు కేంద్రకమే ఉండదు. ఆ కేంద్రకం లేని ముక్కను గాఢమైన ఉప్పునీటితో ఉత్తేజపరిస్తే, శుక్రకణం లేకుండానే అది చీలడం మొదలుపెట్టింది. తల్లి కేంద్రకమూ లేదు, తండ్రి కేంద్రకమూ లేదు. అయినా కణ విభజనలు! ఆ రోజుల్లో డీఎన్‌ఏయే జన్యు పదార్థమని ఇంకా తేలలేదు, కాబట్టి ఈ ఫలితం అసలు బరువు పాతికేళ్ల తర్వాత గానీ జనానికి అర్థం కాలేదు. 1963, 64లలో ఆల్బర్ట్ టైలర్, జీన్ బ్రాషే బృందాలు ఇలాంటి కేంద్రకం లేని ముక్కల్లో ప్రొటీన్ తయారీ కూడా పుంజుకుంటుందని చూపించాయి.

రెండోది కూడా ఆ 1963, 64ల నాటిదే. పాల్ గ్రాస్, ఆయన సహచరులు గుడ్లకు ఆక్టినోమైసిన్ డి ఇచ్చారు. డీఎన్‌ఏ నుంచి కొత్త ఆర్‌ఎన్‌ఏ రాయకుండా అడ్డుకునే మందు ఇది. పిండాలు ఆగాలి కదా? ఆగలేదు. ప్రొటీన్ తయారీ ఎప్పటిలాగే పెరిగింది, విభజనలు సాగాయి, బోలుగా ఉండే కణాల బంతి, అంటే బ్లాస్టులా దశ దాకా వెళ్లాయి. అక్కడ మాత్రం చతికిలబడ్డాయి, కణాలు లోపలికి ముడుచుకునే తర్వాతి దశ గాస్ట్రులా కాలేకపోయాయి.

అంటే మొదటి కొన్ని గంటలు పిండాన్ని నడిపేది తల్లి రాసిపెట్టి పోయిన చీటీలే. మీట ఉన్నది చీటీ రాయడంలో కాదు, చదవడంలో. ఈ పాఠంలో ఒక్క మాటే గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోండి.

మరి చదవడం మొదలుపెట్టమని చెప్పేది ఎవరు?

శుక్రకణమే, కానీ డీఎన్‌ఏతో కాదు. అది తగలగానే గుడ్డు లోపలి అరల్లో దాచిన కాల్షియం బయటికి వస్తుంది. తగిలిన చోట మొదలై అల లాగా అటు చివరికి అర నిమిషంలోపే పాకుతుంది. ఆ అల వెంటే గుడ్డు చుట్టూ ఒక పొర పైకి లేస్తుంది.

దీన్ని నేను చదువుకునే రోజుల్లో ప్రాక్టికల్స్‌లో చూశాను. మొదటి స్లైడు పాడుచేసుకున్నాను. మైక్రోస్కోప్ లైటు కింద ఎక్కువసేపు పెట్టేసరికి నీరు వేడెక్కి గుడ్లన్నీ ముడుచుకుపోయాయి. రెండో స్లైడులో కనిపించింది. గుడ్డుకి ఒక పక్క సన్నటి వెలుగు గీత లేచి, పూరీ పొంగినట్టు పొర విడివడి, చుట్టూ తిరిగి కలిసింది. నోట్సు రాయడం మరిచిపోయి మార్కులు పోగొట్టుకున్నాను, అది వేరే కథ.

కాల్షియం తర్వాత రెండో అడుగు. కణం లోపలి హైడ్రోజన్ అయాన్లు బయటికి, బయటి సోడియం అయాన్లు లోపలికి మారతాయి. దాంతో లోపలి పీహెచ్ సుమారు 6.9 నుంచి 7.3 దాకా పెరుగుతుంది. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. పీహెచ్ లెక్కలో 0.4 అంటే ఆమ్లత రెండున్నర రెట్లు తగ్గినట్టు. ఇదంతా అయ్యాక, ఐదారు నిమిషాల నుంచి ప్రొటీన్ తయారీ ఎక్కడం మొదలవుతుంది.

పీహెచ్ పెరగడం నిజంగా కారణమా, లేక పక్కనే జరిగే మరో సంగతా?

మంచి ప్రశ్న, 1970లలో చాలామంది దీని మీదే పనిచేశారు. ఫలదీకరణ అయిన వెంటనే గుడ్లను సోడియం లేని కృత్రిమ సముద్రపు నీటిలోకి మార్చారు. పీహెచ్ పెరగలేదు, ప్రొటీన్ తయారీ లేవలేదు, పిండం కదల్లేదు. అదే నీటిలో కాస్త అమ్మోనియా కలిపారు. అమ్మోనియా లోపలికి దూరి పీహెచ్‌ను పెంచుతుంది. పని మళ్లీ మొదలైంది.

అసలు శుక్రకణమే లేకుండా ఉత్త గుడ్డుకు అమ్మోనియా ఇచ్చినా ప్రొటీన్ తయారీ పెరుగుతుంది, పొర మాత్రం లేవదు. అయితే నిజంగా ఫలదీకరణ అయిన గుడ్డంత జోరు రాదు. కాబట్టి పీహెచ్ తప్పనిసరి, అదొక్కటే సరిపోదు. కాల్షియం చేసే పని విడిగా ఉంది.

ఎంఆర్‌ఎన్‌ఏ మీద మూత ఉంటుందని చదివాను. దాన్ని తీసేస్తే చాలదా?

దాచిన ఎంఆర్‌ఎన్‌ఏకు ప్రొటీన్లు చుట్టుకుని కప్పేస్తాయన్నది పాత ఊహ, అందులో నిజం ఉంది. కానీ 1986లో వచ్చిన ఒక ప్రయోగం చూడండి. ఏ మూతా లేని శుభ్రమైన ఎంఆర్‌ఎన్‌ఏను సీ అర్చిన్ గుడ్డులోకి సూదితో ఎక్కించారు. కొరత ఎంఆర్‌ఎన్‌ఏదే అయితే మొత్తం ప్రొటీన్ తయారీ పెరగాలి. పెరగలేదు. అంటే పిండి గిన్నె మీద మూత ఒక్కటే కాదు, స్టవ్ కూడా సిమ్‌లో ఉంది.

ఆ స్టవ్ ఎక్కడుందో తర్వాత కొంత తెలిసింది. ప్రతి ఎంఆర్‌ఎన్‌ఏ మొదట్లో టోపీ లాంటి ఒక రసాయన గుర్తు ఉంటుంది. ఈఐఎఫ్4ఈ అనే ప్రొటీన్ ఆ టోపీని పట్టుకుంటుంది, దానికి ఈఐఎఫ్4జీ అనేది తగులుకుంటుంది, అది రైబోజోమ్‌ను రప్పిస్తుంది. ఫలదీకరణకు ముందు ఈ 4ఈని మరో ప్రొటీన్ పట్టుకుని కూర్చుంటుంది. పేరు 4ఈ-బీపీ. సరిగ్గా 4జీ కూర్చోవాల్సిన చోటే కూర్చుంటుంది. బస్సులో మన సీట్లో ఎవరో టవల్ వేసి పోయినట్టన్నమాట.

ఫ్రాన్స్‌లోని రోస్కాఫ్ సముద్ర పరిశోధన కేంద్రంలో పాట్రిక్ కార్మియే బృందం 2000ల మొదట్లో స్ఫేరెకైనస్ అనే అర్చిన్‌లో దీన్ని చూసింది. ఫలదీకరణ అయిన నిమిషాల్లోనే 4ఈ-బీపీ అక్కణ్ణుంచి లేవడమే కాదు, ముక్కలై మాయమైపోతోంది. 4ఈ పరిమాణం మాత్రం అలాగే ఉంది. రాపామైసిన్ అనే మందు ఇస్తే 4ఈ-బీపీ పోకుండా ఉండిపోతుంది. రాపామైసిన్ అడ్డుకునేది ఎంటార్ అనే ఎంజైమును కాబట్టి, 4ఈ-బీపీని లేపమని ఆజ్ఞ వేసేది ఎంటారేనని తేలింది. మన కణాల్లో కూడా తిండి దొరికిందా లేదా అని చూసి ప్రొటీన్ తయారీని పెంచేది, తగ్గించేది ఇదే ఎంటార్. సముద్రం అడుగున ముళ్లబంతిలోనూ, మన కాలేయంలోనూ ఒకే మీట.

ఇదొక్కటే మొత్తం కథ అని మాత్రం అనుకోకండి. రైబోజోమ్ పని మొదలుపెట్టడానికి కావాల్సిన ఇంకొన్ని ప్రొటీన్ల (ప్రారంభ కారకాల) కొరత కూడా గుడ్డును వెనక్కి లాగుతుంది. దానికి తోడు, ఎంఆర్‌ఎన్‌ఏ మీద రైబోజోమ్ నడిచే వేగం కూడా ఫలదీకరణ తర్వాత రెండు, రెండున్నర రెట్లు పెరుగుతుంది. మూత తీశారు, మంట పెంచారు, అట్టు తిప్పే చెయ్యి కూడా వేగం పుంజుకుంది.

అన్ని ఎంఆర్‌ఎన్‌ఏలూ ఒకేసారి పనిలోకి దిగుతాయా?

సీ అర్చిన్‌లో చాలాకాలం అలాగే అనుకున్నారు. ఏ రకం ప్రొటీన్లు ముందు కొద్దిగా తయారయ్యేవో, తర్వాత అవే ఎక్కువగా తయారవుతున్నట్టు కనిపించేది. ఆ నమ్మకానికి మొదటి దెబ్బ ఒక గుల్ల కొట్టింది.

అమెరికా తూర్పు తీరపు ఇసుకలో దొరికే సర్ఫ్ క్లామ్, శాస్త్రీయ నామం స్పిసులా. 1980లో ఎరిక్ రోజెంతాల్, టిమ్ హంట్, జోన్ రూడర్‌మన్ దీని గుడ్లలో తయారయ్యే ప్రొటీన్లను ఫలదీకరణకు ముందు, తర్వాత పోల్చారు. పది నిమిషాల్లోనే జాబితా మారిపోయింది. పాతవి కొన్ని ఆగాయి, మూడు కొత్తవి గట్టిగా కనిపించాయి. వాటికి ఏ, బీ, సీ అని పేరు పెట్టారు. తర్వాత ఈ రెండు దశల నుంచీ ఎంఆర్‌ఎన్‌ఏను శుభ్రంగా బయటికి తీసి, కుందేలు ఎర్రరక్త కణాల నుంచి చేసిన ద్రవంలో వేశారు. దాంట్లో ఏ ఎంఆర్‌ఎన్‌ఏ వేసినా ప్రొటీన్ చేసిపెడుతుంది. ఇప్పుడు రెండు జాబితాలూ ఒకటే! చీటీలు మొదటి నుంచీ అవే ఉన్నాయి. ఏది చదవాలో ఎంచుకునేది గుడ్డు.

ఎంపిక ఎలా జరుగుతుందనేదానికి ఒక ఆధారం ఎంఆర్‌ఎన్‌ఏ తోకలో దొరికింది. చివర అడెనిన్‌ల పొడవాటి వరస ఉంటుంది కదా, పాలీ-ఏ తోక. పనిలోకి దిగే వాటికి ఆ తోక పెరుగుతుంది, పని ఆపేసే వాటికి తరుగుతుంది. తోక ముందుండే భాగాన్ని గుర్తుపట్టి అదుపుచేసే ప్రొటీన్ కూడా ఈ గుల్లలో దొరికింది. కప్ప గుడ్లలో పనిచేసే సీపీఈబీ అనే ప్రొటీన్ కుటుంబంలోదే అది.

సీ అర్చిన్ విషయానికి మళ్లీ వస్తే, 2018లో రోస్కాఫ్ వాళ్లే పారాసెంట్రోటస్ అనే జాతిలో పాలీసోమ్‌ల మీదున్న ఎంఆర్‌ఎన్‌ఏలను మొత్తంగా చదివి చూశారు. అక్కడ కూడా అన్నీ గుంపుగా దిగడం లేదు, ఎంపిక ఉంది. అప్పటిదాకా కనిపించకపోవడానికి కారణం పాత పద్ధతుల కంటిచూపు అంతవరకే కావడం.

ఏ, బీ అనే ఆ ప్రొటీన్లు ఏమిటో తర్వాత తెలిసిందా?

తెలిసింది, నోబెల్ కూడా వచ్చింది. ఈ సబ్జెక్టులో నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే.

టిమ్ హంట్ కణ విభజన మనిషి కాదు, ప్రొటీన్ తయారీ మనిషి. 1982 వేసవిలో అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర జీవ పరిశోధన కేంద్రంలో ఆర్బేసియా గుడ్ల మీద చాలా సాదా ప్రయోగం చేశాడు. రేడియోధార్మిక మిథియోనిన్ కలిపి, కొద్ది నిమిషాలకోసారి నమూనా తీసి, ప్రొటీన్లను సైజు ప్రకారం విడదీసే జెల్ మీద నడిపాడు. కొత్తగా తయారయ్యే ప్రతి ప్రొటీనూ ఫిల్ము మీద ఒక నల్ల గీతగా పడుతుంది. టైమ్ గడిచేకొద్దీ ఎక్కువ సరుకు పోగవుతుంది కాబట్టి గీతలు చిక్కబడాలి. అన్నీ చిక్కబడ్డాయి, ఒక్కటి తప్ప. అది చిక్కబడుతూ చిక్కబడుతూ, కణం రెండుగా చీలే సమయానికి కాస్త ముందు పలచబడి పోయింది. తర్వాత మళ్లీ పెరిగింది. తర్వాతి విభజనకు మళ్లీ పోయింది.

తయారీ ఆగడం లేదు, తయారైనదాన్ని కణమే గడియారం ప్రకారం నాశనం చేస్తోంది. దానికి సైక్లిన్ అని పేరు పెట్టారు. గుల్లలోని ఏ, బీ రెండూ సైక్లిన్లేనని తేలింది. కణం విభజనలోకి దిగాలంటే సైక్లిన్ పోగవ్వాలి, విభజన ముగించాలంటే అది పోవాలి. మన శరీరంలో ప్రతి కణ విభజనకూ ఇదే సూత్రం, క్యాన్సర్ మందుల్లో కొన్ని నేరుగా ఈ యంత్రాంగం మీదే పనిచేస్తాయి. 2001లో లీలాండ్ హార్ట్‌వెల్, పాల్ నర్స్‌తో కలిసి హంట్‌కి నోబెల్ ఇచ్చారు.

ఎమెటిన్ లాంటి మందుతో ప్రొటీన్ తయారీని ఆపేస్తే సీ అర్చిన్ పిండం చీలదు. ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది. సైక్లిన్ చీటీ తల్లి రాసి ఇచ్చిందే, కానీ ప్రతి విభజనకూ దాన్ని మళ్లీ చదవాల్సిందే.

మూత పెట్టడం, తోక తగ్గించడం కాకుండా దాచే పద్ధతులు ఇంకేమైనా ఉన్నాయా?

ఒక తమాషా ఉదాహరణ హిస్టోన్లది. డీఎన్‌ఏ చుట్టుకోవడానికి కావాల్సిన ఆల్ఫా రకం హిస్టోన్ల ఎంఆర్‌ఎన్‌ఏను సీ అర్చిన్ గుడ్డు తన కేంద్రకంలోనే తాళం వేసి ఉంచుతుంది. రైబోజోమ్‌లేమో బయట. మొదటి విభజనలో కేంద్రకం గోడ కరిగినప్పుడు గానీ అవి బయటపడవు. ప్రత్యేకంగా మందూ మాకూ అక్కర్లేదు, గోడే తాళం.

పిండం సొంత జన్యువులు ఎప్పుడు పగ్గాలు తీసుకుంటాయి?

కప్పలో గీసినట్టు సీ అర్చిన్‌లో ఒక ఖచ్చితమైన గీత గీయలేం. కొత్త ఆర్‌ఎన్‌ఏ రాయడం మొదటి విభజనల నుంచే కొద్దికొద్దిగా మొదలవుతుంది, తల్లి చీటీల వాటా నెమ్మదిగా తగ్గుతుంది. పొరను చీల్చుకుని బయటికి రావడానికి పిండం వాడే ఎంజైము సొంత జన్యువు నుంచి రాసుకున్నదే. గాస్ట్రులాకి అయితే సొంత రాత లేకుండా గడవదు. ఆక్టినోమైసిన్ ఇచ్చిన పిండాలు బ్లాస్టులా దగ్గర చతికిలబడింది అందుకే.

చీటీ గుడ్డులో ఎక్కడున్నా ఒకటేనా?

ఆసిడియన్లలో అస్సలు కాదు. రాళ్లకు, పడవల అడుగుకు అతుక్కుని పెరిగే తిత్తి లాంటి జంతువులివి. 1905లో ఎడ్విన్ కాంక్లిన్ ఒక ఆసిడియన్ గుడ్డులో పసుపు రంగు నెలవంకను చూశాడు. ఆ పసుపు ఏ కణాల్లోకి పోతే అవి తోక కండరాలయ్యాయి. 2001లో జపాన్‌లో హిరోకి నిషిదా, కైచిరో సవాదా మరో జాతి ఆసిడియన్‌లో అసలు కారకాన్ని పట్టుకున్నారు. మాచో-1 అనే తల్లి ఎంఆర్‌ఎన్‌ఏ గుడ్డు వెనక భాగంలోనే పోగై ఉంటుంది. దాన్ని తీసేస్తే ప్రధాన కండర కణాలు ఏర్పడవు, వేరే చోట పెడితే అక్కడ కండరం వస్తుంది. ఎప్పుడు చదవాలి అన్నదాంతో పాటు ఎక్కడ చదవాలి అన్నది కూడా తల్లే రాసి పంపుతుందన్నమాట.

టోపీ, తోక అంటున్నారు. కోవిడ్ ఎంఆర్‌ఎన్‌ఏ టీకాల్లో కూడా ఇవే ఉంటాయా?

అవే. టీకా ఎంఆర్‌ఎన్‌ఏకు మొదట్లో టోపీ, చివర పాలీ-ఏ తోక పెట్టకపోతే మన కణంలో రైబోజోమ్ దాన్ని సరిగ్గా పట్టించుకోదు. 2023లో కటాలిన్ కరికో, డ్రూ వైస్‌మన్‌లకు నోబెల్ వచ్చింది మాత్రం వేరే పనికి, ఎంఆర్‌ఎన్‌ఏ అక్షరాల్లో చేసిన మార్పుకి.

పరీక్షలో "జన్యువు పనిచేస్తోంది" అని రాయడానికి ఆర్‌ఎన్‌ఏ ఉంటే చాలా?

ఈ పాఠం చదివాక అలా రాస్తే నేనైతే మార్కులు కోస్తాను. ఆర్‌ఎన్‌ఏ కొలవడం ఇప్పుడు తేలికైపోయింది కాబట్టి జనం దాన్నే ప్రొటీన్‌కి బదులు చూపిస్తున్నారు. సీ అర్చిన్ గుడ్డులో వేల రకాల ఎంఆర్‌ఎన్‌ఏలున్నాయి, తొంభైతొమ్మిది శాతం రైబోజోమ్‌లు ఖాళీగా కూర్చున్నాయి. పాలీసోమ్ మీద ఉందా లేదా అని చూడకుండా ఏమీ చెప్పలేం.

మన తీరంలో ఇవన్నీ చూడొచ్చా?

ఫలదీకరణ, మొదటి రెండు మూడు విభజనలు మామూలు కాలేజీ మైక్రోస్కోప్‌లోనే కనిపిస్తాయి. తీరంలో వాటిని పట్టేముందు మీ డిపార్ట్‌మెంట్ ద్వారా అనుమతి సంగతి కనుక్కోండి. అవసరమైన ఒకటి రెండు జతలే తీసుకోండి. పీజీ ల్యాబుల్లో తరచు జరిగే పొరపాటు ఒకటుంది: శుక్రకణాల ద్రవం చిక్కగా ఉన్నది ఉన్నట్టే పోసేయడం. అలా చేస్తే ఒక్కో గుడ్డులోకి రెండు మూడు దూరి, అది ఒకేసారి మూడు నాలుగు వంకర ముక్కలుగా చీలుతుంది. సముద్రపు నీటిలో బాగా పలచన చేసి ఒక చుక్క వేయండి. నీరు వేడెక్కకుండా చూసుకోండి. స్లైడు మీద కవర్‌స్లిప్ బరువు గుడ్ల మీద పడకుండా మూలల్లో కాస్త వాసెలిన్ పెట్టండి. పొర లేచిన టైమ్ వెంటనే నోట్‌బుక్‌లో రాసుకోండి.